అర్బాబు కారవాన్, అమ్మమ్మ నీళ్ళు

కొత్త రబ్బరు గొట్టంలోంచి మొట్టమొదటిసారి పారే నీళ్ళకి ఒక వాసన ఉంటుంది. సైకిల్ షాపులో ట్యూబుని ముంచి చూసే తొట్టెలో వచ్చే వాసన ఒకటి, బ్లీచింగు వేసి కడిగిన ఆసుపత్రి వరండా వాసన ఒకటి, ఆ రెండూ కలిస్తే అది. మొన్న శుక్రవారం పొద్దున, ఈ అరబ్బు దేశంలో, అల్ ఖౌద్‌లో మా ఇంటి ముందు నిలబెట్టిన కారవాన్‌లో కుళాయి తిప్పగానే ఆ వాసన గుప్పుమంది. కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక బాత్రూము పట్టేంత పెట్టె. ఎవరో ఉద్యోగం వదిలి వాళ్ళ దేశం వెళ్ళిపోతుంటే మా ఆయన ముచ్చటపడి వాళ్ళ దగ్గర పాతది కొని, గొట్టాలు మాత్రం కొత్తవి వేయించాడు. కుళాయిలో నీళ్ళు రెండు క్షణాలు ఉరికి ఆగిపోయాయి. లోపలెక్కడో పంపు మాత్రం గుర్రుమంటూనే ఉంది. మా ఆయన ముఖం వేలాడేశాడు. మా అమ్మాయి ఫోను తీసి ప్లంబరు నంబరు వెతకడం మొదలుపెట్టింది. నేను మాత్రం, నలభైకి దగ్గర పడుతున్న మనిషిని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ వయసులో ఒక పొద్దుటి పూట నా ప్రాణం తోడేసిన చప్పుడు అది.

"జరగండి జరగండి, నాన్న పెట్టె తెస్తాను," అని ఇంట్లోకి పరుగెత్తాను.

అప్పట్లో మేం ఇదే దేశంలో మత్రాలో ఉండేవాళ్ళం. ఓడరేవు వెనక సందులో మూడో అంతస్తు, రెండు గదులు, కిటికీ తీస్తే చేపల వాసన, మూస్తే కింద దుకాణంలోంచి పైకెక్కే సాంబ్రాణి వాసన, పొద్దున్నే ఓడ కూత, దాని వెంటే పక్క మేడమీద పావురాల గోల, సాయంత్రం సూక్‌లో, అంటే బజారులో, కుప్పలు పోసిన ఎండు నిమ్మకాయల మీదుగా వచ్చే పుల్లటి గాలి. మా నాన్న ఒక కంపెనీలో పైపు ఫిట్టరు. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ నరసాపురం పక్క లంక ఊరు, ఇద్దరికీ చర్చిలోనే పెళ్ళి, ఆ తరవాత ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడం గగనమైపోయింది. ఫ్రిజ్ తలుపు మీద అమ్మ డ్యూటీ కాగితం అంటించి ఉండేది; నాన్నకి సెలవున్న గురు, శుక్రవారాల్లో అమ్మ పేరు పక్కన ఎప్పుడు చూసినా డ్యూటీ గుర్తే. వాళ్ళిద్దరూ మెట్ల మీద ఎదురుపడి తాళంచెవులు మార్చుకోవడం చూస్తూ పెరిగినదాన్ని నేను.

ఆ ఏడాది ఎండలు తగ్గుముఖం పడుతుండగా అమ్మమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. తెల్ల వాయిల్ చీర, చేతిలో బరువైన ట్రంకు పెట్టె. ఆ పెట్టె విప్పిన సాయంత్రం మా ఇంట్లో పండగే: ఎండు రొయ్యలు, గోంగూర పచ్చడి, కందిపొడి, దారిలో నలిగి పొడుం పొడుమైన పూతరేకులు (ఆ పొడుం నేను స్పూనుతో తిన్నాను), బియ్యప్పిండి వడియాలు, అన్నిటికీ అడుగున గుడ్డలో చుట్టిన పటిక ముక్కలు. మా లంక ఊళ్ళో కాలవ నీళ్ళే తాగేవాళ్ళు. ఎర్రగా వచ్చిన నీళ్ళని కాగులో పోసి, పటిక ముక్క చేత్తో పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తే, తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా తేరుకునేవి. ఆ అలవాటు విమానమెక్కి మత్రా దాకా వచ్చింది. వచ్చిన మర్నాడే అమ్మమ్మ వంటింట్లో నీళ్ళ డ్రమ్ములో చేయి పెట్టి పటిక తిప్పింది. అమ్మ నెత్తి కొట్టుకుని, "ఇవి సముద్రం నీళ్ళు శుద్ధిచేసి పంపుతారమ్మా, ఇందులో మడ్డెక్కడుంది?" అంది. "నీకు కనపడదే, నీళ్ళకి తెలుస్తుంది," అంది అమ్మమ్మ. ఆ రెండు నెలలూ మా ఇంటి నీళ్ళు నాలిక్కి ఒక పిసరు వగరుగా తగులుతూనే ఉన్నాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. అమ్మమ్మ, నాన్న ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడేవారు కాదు. తగాదా ఏమీ లేదు. అల్లుడితో ఎదురుగా మాట్లాడకపోవడం ఆవిడకి మర్యాద, అత్తగారి ముందు కాలు మీద కాలు వేసుకోకపోవడం ఆయనకి మర్యాద. రెండు గదుల ఇంట్లో ఆ మర్యాద నా నెత్తిన పడింది. "రూతూ, మీ నాన్నగారికి ఇంకో అట్టు కావాలేమో అడుగు" అని అమ్మమ్మ అనేది, జానెడు దూరంలో కూర్చున్న నాన్న వినేవాడు, అయినా నేను వాక్యం మొత్తం మళ్ళీ చెప్పాల్సిందే. "చాలని చెప్పమ్మా" అనేవాడు నాన్న. అదీ మళ్ళీ చెప్పాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి ఈ తపాలా ఉద్యోగం నాకు బాగానే కుదిరింది.

అమ్మమ్మకి ఒక్కటే కోరిక: ఎడారి చూడాలి. అరవై ఏళ్ళుగా ఆదివారాలు పాస్టరుగారి ప్రసంగాల్లో వింటూ వచ్చిన ఎడారి, గుడారాలు, ఇసుక. "ఆ ఇసకలో ఒక్క పొద్దు కూర్చుని ప్రార్థన చేసుకోవాలే రూతూ. మా స్త్రీల సమాజంలో అందరికీ చెప్పొచ్చాను, సీసాడు ఇసక తెస్తానని," అనేది. కానీ ఆవిడకి షుగరు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, గంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. ఎడారిలో బాత్రూము ఎక్కడ? "నీళ్ళూ బాత్రూమూ లేని చోటికి మా అమ్మని కదలనివ్వను," అని అమ్మ కరాఖండీగా చెప్పేసింది. అలా అమ్మమ్మ రెండు నెలల వీసాలో అయిదు వారాలు ఇల్లూ, చర్చీ, కిటికీలోంచి కనిపించే ఓడలూ చూస్తూ గడిపేసింది. ఇంక మూడు వారాలే మిగిలాయి.

ఆ సమయంలో దొరికింది కారవాన్. నాన్న కంపెనీ యార్డులో, తుప్పు పట్టిన పైపుల గుట్టల వెనక, ఏళ్ళ తరబడి ఎండకి ఎండిన తెల్ల కారవాన్ ఒకటి పడి ఉండేది. కంపెనీ యజమానిదే అది. ఆయన్ని అందరూ అర్బాబ్ అనేవారు. దాంట్లో ఒక్క కుళాయి కూడా పనిచేయదు. నాన్న ఏం అడిగాడో, ఎలా అడిగాడో తెలీదు కానీ, అర్బాబ్ నవ్వి, "పానీ చలేగా తో తుమ్ లేకే జావ్," అన్నాడట. నీళ్ళు పారించు, తీసుకుపో అని. నవంబరులో జాతీయ దినోత్సవం సెలవులు వస్తున్నాయి. అమ్మ ఇద్దరు నర్సులతో డ్యూటీలు మార్చుకుని మూడు రోజులు సంపాదించింది. అమ్మకీ నాన్నకీ కలిసొచ్చిన మూడు రోజులు! నాకు ఒళ్ళంతా కాళ్ళొచ్చినట్టయింది.

ఇక చూసుకోండి మా సంబరం. స్కూలు నుంచి రాగానే యూనిఫారంతోనే కంపెనీ పికప్ ఎక్కి యార్డుకి పోయేదాన్ని. పికప్ నడిపేది ఖాదర్ మామ, కడప మనిషి, నాన్నతో ఒకే రూములో ఉన్న రోజుల నుంచీ స్నేహితుడు. కారవాన్‌ని లాక్కెళ్ళాల్సింది కూడా ఆయనే. దారంతా ఊరు పెళ్ళివారిల్లులా ఉండేది, మేడల నిండా రంగు బల్బులు, స్తంభాలకి జెండాలు. యార్డులో నాన్న కారవాన్ పొట్ట విప్పి కూర్చునేవాడు. సోఫా కింద చెక్క ఎత్తితే నీళ్ళ ట్యాంకు, దాని పక్కన పిడికెడంత పంపు, అక్కడినుంచి గోడల వెనకగా పాకిపోయిన గొట్టాలు. ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోయే గొట్టాలు! కుళాయి లోపల రబ్బరు వాషరు బూడిదైపోయింది, పొయ్యి పక్క జాయింట్లో ఏదో పురుగు గూడు కట్టుకుంది, నీళ్ళు కాచే డబ్బాలో చెంచాలకొద్దీ సున్నం. నాన్న ఒక్కొక్కటీ పీకి నేల మీద వరసగా పరిచేవాడు. నేను విరిగిన గొట్టం ముక్కని బూరలా ఊదేదాన్ని, రెండో కొన ఖాదర్ మామ చెవికి ఆనించి "హలో కడపా?" అని అరిచేదాన్ని. "ఏం పాపా, చెవి పోయ్యేట్టు అరుస్తాండావే," అనేవాడాయన, చెవి మాత్రం తీసేవాడు కాదు.

మత్రా సూక్‌లో గుజరాతీ సేఠ్ దుకాణం ఉండేది. అందులో లేని వాషరు లోకంలో లేదు. నాన్న పాత వాషర్లన్నీ జేబులో వేసుకుపోయి, ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి, దానికి సరిజోడు వెతికించేవాడు. చీరల దుకాణంలో అమ్మ కూడా అంతసేపు బేరం చేసేది కాదు. కొత్త గొట్టాలు చుట్టలు చుట్టలుగా నా మెడలో వేసుకుని, అమ్మోరి దండ వేసుకున్నదానిలా సూక్ మధ్యలోంచి నడిచొచ్చేదాన్ని. వేడినీళ్ళలో గొట్టం కొన ముంచి, మెత్తబడగానే నోరు బిగపట్టి జాయింటు మీదికి తోసి, క్లాంపు బిగించి, "పట్టింది!" అనేవాడు నాన్న. ఒకచోట బిగిస్తే ఇంకోచోట కారేది. అక్కడ బిగిస్తే వెనక కారేది. మా చేతుల నిండా గ్రీజు, మోకాళ్ళ నిండా మట్టి, మధ్యలో ఖాదర్ మామ తెచ్చే పాలులేని సులేమానీ టీ, కారం చిప్సు ప్యాకెట్టు చింపి పరోటాలో పెట్టి చుట్టిన రోల్. ఆ రుచి ఇప్పుడు తలుచుకున్నా నోరూరుతుంది.

సెలవులకి మూడు రోజుల ముందు సాయంత్రం నాన్న మీట నొక్కాడు. పంపు మొదట దగ్గింది, తరవాత గొణిగింది, కుళాయి రెండుసార్లు గాలి తుమ్మింది, ఆ పైన బొళబొళా నీళ్ళు! నేను ఎగిరిన ఎగురుకి కారవాన్ ఊగింది. నాన్న నన్ను చంకకెత్తుకుని కుళాయి కింద నా తల పెట్టి తడిపేశాడు. మర్నాడు అమ్మ డ్యూటీ దిగి తిన్నగా యార్డుకి వచ్చి, సూది లేని పెద్ద సిరంజితో బ్లీచింగు ద్రవం కొలిచి కొలిచి ట్యాంకులో పోసి, గొట్టాలన్నిట్లో పారించి, రోగిని చూసినట్టు వాసన చూసి, మళ్ళీ రెండుసార్లు మంచినీళ్ళతో కడిగించింది. "ఇప్పుడు పాస్," అంది. నాన్న ముఖం చూడాలి, పదో తరగతి గట్టెక్కినవాడిలా.

బయల్దేరే ముందు సాయంత్రం ట్యాంకరు వచ్చి నీళ్ళు నింపింది. అమ్మమ్మ కూడా మా వెంట వచ్చింది. ఆవిడని కారవాన్ ఎక్కించడానికి ఖాదర్ మామ సిమెంటు ఇటుకలతో మెట్టు కట్టాడు. ఆవిడ లోపల ప్రతిదీ తడిమి చూసింది: బుల్లి పొయ్యి, మడతపెట్టే బల్ల, తలుపేసుకుంటే మనిషి ఒక్కరే పట్టే బాత్రూము. అందులో తొక్కితే నీళ్ళొచ్చే దొడ్డి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరవాత గ్లాసులో నీళ్ళు పట్టి వెలుగుకి ఎత్తి చూసింది. కాస్త తెల్లగా, మసగ్గా ఉన్నాయి. గాలి బుడగలే అవి, నిమిషంలో పోతాయి. ఆవిడ నిమిషం ఆగలేదు. నాన్న, ఖాదర్ మామ బయట టైర్లు చూసుకుంటున్నారు. అమ్మమ్మ బొడ్డులో దోపుకున్న పెద్ద నిమ్మకాయంత పటిక తీసి, పాత వాయిల్ చీర ముక్కలో నాలుగు మడతలు చుట్టి, దారంతో గట్టిగా కట్టింది. చుట్టిన గుడ్డ అంచులు పొడుగ్గా వేలాడుతున్నాయి.

"రూతూ, ఈ నీళ్ళు పోసే మూతెక్కడుందే?"

నేనే చూపించాను. నేనే మూత తిప్పి తీశాను. చేయి పట్టేంత నోరు అది. మూట టపుక్కుమని పడింది.

"మీ నాన్నగారికి చెప్పకేం? పాపం అంత కడిగాడు, కడిగిన నీళ్ళు నమ్మలేదనుకుంటాడు. నొచ్చుకుంటాడు."

చెప్పనన్నాను. నువ్వుగింజ నానని నోటితో చెప్పనన్నాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి యార్డులో మా ఊరేగింపు సిద్ధంగా ఉంది. పులిహోర గిన్నె, కోడికూర టిఫినుడబ్బా, వడియాల డబ్బా, చాపలు, దుప్పట్లు, అమ్మ మందుల సంచి, ఇసక కోసం అమ్మమ్మ కడిగి ఆరబెట్టిన ఖాళీ పచ్చడి సీసా. పికప్‌కి కారవాన్ తగిలించారు. "చివరిసారి చూసుకుందాం," అని నాన్న కుళాయి తిప్పాడు. రెండు క్షణాలు వచ్చాయి. ఆగిపోయాయి. పంపు గుర్రుమంటోంది. ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ రెండు క్షణాలు, మళ్ళీ గుర్రు.

నాన్న చొక్కా విప్పి సోఫా కింద దూరాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. పంపు ముందున్న జల్లెడ విప్పాడు, శుభ్రంగా ఉంది. ఎక్కడో గాలి పీలుస్తోందని జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాశాడు, బుడగ రాలేదు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి నోటితో ఊదాడు. లోపల నీళ్ళు బుడబుడమన్నాయి, అంటే దారి తెరిచే ఉంది. మళ్ళీ తగిలించి మీట నొక్కితే రెండు క్షణాలు, గుర్రు. తొమ్మిదైంది. పదైంది. ట్యాంకులోకి చూడాలని ఆయనకి తోచనే లేదు. దాన్ని తన చేతుల్తో కడిగాడు, అమ్మ పాస్ చేసింది, అందులో ఏముంటుంది? సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"దీంజిమ్మడ, ఏందన్నా ఇది, నిన్న బాగుండ్య గదా," అని ఖాదర్ మామ టైరు తన్నాడు. పన్నెండు లోపల బయల్దేరకపోతే వెలుతురుండగా ఇసక చేరలేం. అమ్మ గడియారం చూసి, అమ్మమ్మని చూసి, మెల్లిగా, "ఏవండీ, నీళ్ళు లేకుండా కష్టమండీ," అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అమ్మమ్మ ఇటుకల మెట్టు మీద కూర్చుని అంతా వింది. లేచి, పచ్చడి సీసా తీసి తన సంచిలో దోపుకుంది.

"రూతూ, మీ నాన్నగారితో చెప్పు, ఇంక ఒళ్ళు హూనం చేసుకోవద్దని. ఇంటికెళ్ళిపోదాం. నాకా ఇసక రాసిపెట్టి లేదు."

ఆ వాక్యం నేను మళ్ళీ చెప్పలేకపోయాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఖాదర్ మామ నన్ను ఊరుకోబెట్టడానికి లబాన్ అనే మజ్జిగ సీసాలో పుదీనా నలిపి వేసి, స్ట్రా పెట్టి ఇచ్చాడు. పీల్చాను. ఒక గుక్క వచ్చింది, ఆగిపోయింది. ఇంకా గట్టిగా పీల్చాను. బుగ్గలు లోపలికి పోయాయి కానీ చుక్క రాలేదు. వదిలేసి ఊదితే బుడబుడమంది. మళ్ళీ పీలిస్తే ఒక గుక్క, ఆగడం. స్ట్రా పైకి తీసి చూశాను. కొనకి పుదీనా ఆకు అంటుకుని ఉంది.

నా చేతిలోంచి సీసా జారిపోయింది. కాళ్ళ మీద లబాన్ ఒలికిందని కూడా తెలీలేదు. నాకు తెలిసిపోయింది! అంత పెద్ద నాన్నకి తెలియనిది నాకు తెలిసిపోయింది! సంతోషంతో అరవబోయి, అమ్మమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను. చెప్పనని మాటిచ్చాను. చెబితే నాన్న నొచ్చుకుంటాడు, అమ్మ ఆవిడ మీద కేకలేస్తుంది, అందరి పండగా తన చేత్తో చెడగొట్టానని అమ్మమ్మ అసలు బండే ఎక్కదు. చెప్పకపోతే ఇంటికి. తొమ్మిదేళ్ళ బుర్రకి మోయలేనంత బరువు అది. చివరికి పాకుకుంటూ సోఫా కిందకి పోయి, గ్రీజు వాసన కొడుతున్న నాన్న చెవిలో మొత్తం చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. కాసేపటికి ఆయన పొట్ట ఊగడం మొదలైంది, ఆ పైన భుజాలు. చప్పుడు రాకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు. "మా ఇంటి కాగు గుర్తొచ్చిందే," అని గొణిగాడు. తరవాత నన్ను దగ్గరకి లాక్కుని, "అమ్మమ్మదని ఎవరికీ చెప్పకు. ఆవిడకి తెలిసిందంటే బతికినన్నాళ్ళూ బాధపడుతుంది. ఏం?" అన్నాడు. నా మీద ఇంకో రహస్యం పడింది.

బట్టల హ్యాంగరు తీగ వంచి కొక్కెం చేసి, ట్యాంకు నోట్లో పెట్టి నాలుగుసార్లు కెలికాడు. అయిదోసారి తెల్ల గుడ్డ అంచు పైకొచ్చింది. పంపు పీల్చినప్పుడల్లా ఆ అంచులు వెళ్ళి ట్యాంకు అడుగున నీళ్ళు పోయే కన్నానికి అతుక్కునేవి; ఆపగానే ఊడి తేలిపోయేవి. అందుకే ఊదినా ఏమీ తగల్లేదు. మూట రేగుపండంత అయింది, మిగతాది నీళ్ళలో కలిసిపోయింది. ఖాదర్ మామ తల లోపలికి పెట్టి, "ఏందన్నా అది?" అన్నాడు. "పాత గుడ్డ. కడిగినప్పుడు నేనే మర్చిపోయుంటాను," అని నాన్న దాన్ని ప్యాంటు జేబులోకి తోసేశాడు. అంత పనిమంతుడు, తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఆ నీళ్ళన్నీ వదిలేసి, యార్డు డ్రమ్ములోంచి కొత్త నీళ్ళు పట్టి, మీట నొక్కాడు. బొళబొళా!

"అమ్మమ్మతో చెప్పు," అన్నాడు నాన్న చేతులు తుడుచుకుంటూ, "పంపులో వాషరు అరిగింది, మార్చానని."

నేను వెళ్ళి గట్టిగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. అమ్మమ్మ సంచిలోంచి పచ్చడి సీసా మళ్ళీ పైకి తీసింది.

ఇక ఆ ప్రయాణం! పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా కదిలాం. నున్నగా కాలిన అట్లలాంటి గోధుమరంగు కొండలు, వాటి మధ్య ఎండిన వాగులు, వాగుల్లో ముళ్ళచెట్ల మీదికెక్కి ఆకులు తినే మేకలు. ఒంటె కనిపించినప్పుడల్లా అమ్మమ్మ నా తొడ మీద కొట్టి చూపించేది, నా తొడ ఎర్రబడిపోయింది. ఇబ్రా దాటాం, బిదియా దాటాం, రోడ్డు పక్క గట్టి నేల మీద కారవాన్ ఆపాం. ఎదురుగా ఇసక. పొద్దు వాలే ఎండలో పసుపూ కుంకుమా కలిపి కుప్ప పోసినట్టున్న ఇసక. అమ్మమ్మ చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని దిగి, రెండు పాదాలూ ఇసకలో పాతేసి కూర్చుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసుకుంది. అమ్మా నాన్నా ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారు, చేతిలో తాళంచెవులేమీ లేకుండా. తరవాత ఆవిడ పిడికిలితో ఇసక ఎత్తి, గింజ రాలకుండా సీసాలో పోసింది.

పులిహోర తినే ముందు చేయి కడుక్కోవడానికి అమ్మమ్మ తనే కారవాన్ ఎక్కి కుళాయి తిప్పింది. నేను పక్కనే ఉన్నాను. చేయి కడుక్కుని, దోసిట్లో నీళ్ళు పట్టి ఒక గుక్క తాగింది. ఆగింది. నాలిక అంగిట్లో ఆడించింది. ఇంకో గుక్క తాగింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "వగరు లేదే. తీసేశాడన్నమాట," అంది.

ఆవిడ తడి చేత్తో నా బుగ్గ నిమిరింది.

"చెప్పి మంచిపని చేశావమ్మా. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మీ నాన్న వాషరన్నాడు కదా, వాషరే అనుకుందాం. నాకు తెలిసిందని ఆయనకి చెప్పకు. అంత మర్యాద దాచాడు, దాన్ని మనం బయట పెట్టకూడదు."

అప్పుడు దిగి, ఇసకలో చాప పరుస్తున్న నాన్న ముందు నిలబడింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుంది. మధ్యలో నేను ఉన్నాను, కానీ నన్ను పిలవలేదు.

"నీళ్ళు చాలా బాగున్నాయి, బాబూ," అంది.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆవిడ నేరుగా నాన్నతో అన్న మొదటి మాట అది. నాన్న చాప వదిలేసి, చేతులు కట్టుకుని, "సరేనండి," అన్నాడు. అమ్మ మాత్రం కోడికూర డబ్బా మూత పట్టుకుని అలాగే నోరు తెరుచుకుని చూసింది. ఆ వారం విమానం ఎక్కేదాకా వాళ్ళిద్దరూ అట్లూ, టీలూ, వాతావరణమూ నేరుగానే మాట్లాడుకున్నారు. నా తపాలా ఉద్యోగం పోయింది. కొంచెం దిగులుగా కూడా ఉండింది నాకు.

అమ్మమ్మ ఆ ఇసక సీసాని బతికినన్నాళ్ళూ అలమారాలో పెట్టుకుందట, పోయినప్పుడు స్త్రీల సమాజంవాళ్ళు దాన్ని ఆవిడ తలాపున పెట్టారని అమ్మ చెప్పింది. యార్డు ఉన్నచోట ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి. గురు, శుక్రవారాల సెలవులు శుక్ర, శనివారాలయ్యాయి. ఖాదర్ మామ కడపకి వెళ్ళిపోయి కొడుకు పెట్టిన దుకాణంలో కూర్చున్నాడు. అత్త ముందు చేతులు కట్టుకునే అల్లుళ్ళు ఇప్పుడెవరూ లేరు, మా ఆయన మా అమ్మతో పేకాడతాడు. పటిక తిప్పిన నీళ్ళ రుచి ఎలా ఉంటుందో మా అమ్మాయికి తెలియదు. దాని నీళ్ళు సీసాల్లో వస్తాయి. నాన్న రెండేళ్ళ కిందట పోయాడు. ఆయన పనిముట్ల పెట్టె నాకు వచ్చింది.

మొన్న శుక్రవారం ఆ పెట్టెనే తెచ్చి కారవాన్ గుమ్మంలో పెట్టుకున్నాను. ట్యాంకు నోట్లో టార్చి వేసి చూస్తే, పాత యజమాని వదిలేసిన ప్లాస్టిక్ కాగితం ముక్క తేలుతోంది. తీగ కావాలి. పెట్టెలో పై అర ఎత్తాను. స్పానర్లు, తెల్ల టేపు చుట్టలు, సేఠ్ దుకాణం వాషర్లు. ఇంతవరకూ ఎప్పుడూ తియ్యని అడుగు అర కూడా ఎత్తాను. మూలన, మందుల చిన్న డబ్బాలో, పసుపెక్కిన వాయిల్ గుడ్డ మూట. దారం ముడి అమ్మమ్మదే. ఎడారిలో ఇసకలో పాతేశానని నాతో చెప్పాడు నాన్న. పాతెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళకి దగ్గరగా తన పనిముట్లతో పాటు మోశాడు.

ఆయన దాచమన్నది ఆవిడ దగ్గర దాచాను. ఆవిడ దాచమన్నది ఆయన దగ్గర దాచాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, ఇద్దరి రహస్యాన్నీ ఇద్దరూ పోయేదాకా మోశాను. ఇంక దాచడానికి ఎవరూ లేరని ఆ గుడ్డ పట్టుకుని కారవాన్ గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. మూట విప్పి, తెల్లని పొడి అంటిన ఆ చిన్న పటిక ముక్కని వేలితో తాకి, వేలు నాలిక్కి రాసుకుని, ముఖం చిట్లించింది.

"అమ్మా, వగరుగా ఉంది."

"అదే," అన్నాను. "మా అమ్మమ్మ నీళ్ళు అలాగే ఉండేవి."